అందం కావాలా, పందెం కావాలా?

ఈ మధ్య మన పిల్లల్ని ఒక కల పట్టుకుంది. కౌలాలంపూర్ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళూ అదే అంటున్నారు, హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ సెలవులకు వచ్చే చుట్టాల పిల్లలూ అదే అంటున్నారు. మలేషియాలోని లంకావి దీవిలో సైకిల్ రేసు తొక్కాలట. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క అడవి కొండ, మధ్యన నున్నటి తారురోడ్డు, చివర్న మెడలో పతకం. ఫోన్లో వీడియో చూపించి "తాతయ్యా, ఇంతకంటే ఏం కావాలి?" అంటాడు మా మనవడు. వీడియోలో ఉక్కపోత తెలియదురా అంటాను నేను.

కల మంచిదే, వద్దనను. నేను పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ వైపు కొబ్బరి ఎస్టేటులో పుట్టి, బడిపంతులుగా రిటైరైనవాణ్ని. పనికోసం సైకిల్ తొక్కాను. రిటైరయ్యాక రేసుల దగ్గర మంచినీళ్ళ బల్ల వెనక వాలంటీరుగా నిలబడ్డాను. సరదాకి దీవులు తిరిగాను. బరిలోకి దిగి పందెం మాత్రం తొక్కలేదు. అందుకని చెప్పుకోవడానికి నా దగ్గర గొప్పలేవీ లేవు, రోడ్డు పక్కన నిలబడి చూసిన సంగతులున్నాయి. బడిలో అలవాటు కొద్దీ నంబర్లు వేసి చెబుతున్నాను.

1. ఈ దేశంలో సైకిల్ ముందు పనిముట్టు

మన పెద్దలు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు ఊళ్ళ నుంచి కూలీలను తెచ్చే కంగాణీల వెంట వచ్చి ఈ తోటల్లో దిగారు. కొబ్బరి, రబ్బరు, ఆ తర్వాత పామాయిల్. రబ్బరు చెట్టుకి గాటు పెట్టేవాళ్ళు తెల్లవారకముందే బయల్దేరాలి, ఎండెక్కితే పాలు సరిగ్గా కారవు. తలకి దీపం కట్టుకుని, వెనక క్యారియర్‌కి పాల డబ్బాలు వేలాడేసుకుని చీకట్లో వరసగా సైకిళ్ళు పోయేవి. గేర్లు లేవు, హెల్మెట్లు లేవు. మట్టిరోడ్డు మీద వానొస్తే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బురద ఇరుక్కుని సైకిలే మనిషి మీద ఎక్కేది. కొనడానికి అప్పు చేసేవాళ్ళు. పెళ్ళికొడుక్కి సొంత సైకిల్ ఉందంటే ఆ సంబంధం గురించి రెండో మాట అడిగేవాళ్ళు కారు.

ఈ దేశం మీద నడిచిన అతి పెద్ద సైకిల్ యాత్ర కూడా అందం కోసం జరిగింది కాదు. 1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం కోటా భారు దగ్గర తీరం దిగింది. తర్వాత వేలమంది సిపాయిలు సైకిళ్ళెక్కి ద్వీపకల్పం పొడవునా దక్షిణానికి దూసుకొచ్చారు. బ్రిటిష్ వాళ్ళు వంతెనలు పేల్చేస్తే సైకిల్ భుజాన వేసుకుని ఏరు దాటారు. టైర్లు పోతే ఒట్టి రిమ్ముల మీదే తొక్కారు. రాత్రిపూట ఆ రిమ్ముల చప్పుడు విని ఎదుటి సైన్యం ట్యాంకులు వస్తున్నాయనుకుందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మొత్తం డెబ్భై రోజులు. ఊళ్ళల్లో దొరికిన సైకిలల్లా సైన్యానికే పోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన తాతలు చీకట్లో బతుకుదెరువు కోసం తొక్కిన దాన్ని మీరు డబ్బు కట్టి, జెర్సీ వేసుకుని, ఆదివారం తొక్కగలుగుతున్నారు. అది మీ అదృష్టం. దాన్ని అనుభవించడానికి సిగ్గుపడక్కర్లేదు. సైకిల్‌కి ఆ చరిత్ర ఉందని తెలిసి ఎక్కండి, అంతే.

2. రేసుకి లంకావి పేరుంది కదా అని లంకావిలోనే జరుగుతుందనుకోకండి

'లె టూర్ ద లంకావి' 1996లో మొదలైంది. మహతీర్ మొహమ్మద్ ప్రధానిగా ఉన్న రోజులు. మలేషియాని ప్రపంచం పటంలో వెతుక్కుని చూడాలన్న పట్టుదలతో ఆయన చేయించిన పనుల్లో ఇదొకటి. ఫ్రాన్సు వాళ్ళ రేసు పేరును తలపించేలా పేరు పెట్టారు. మొదటి ఏడు గెలిచింది డేమియన్ మెక్‌డొనాల్డ్ అనే ఆస్ట్రేలియా వాడు. ఆ తర్వాత ఇటలీ వాళ్ళు వరసగా గెలిచారు. కరోనా వల్ల 2021లో ఆగింది, 2022లో మళ్ళీ మొదలైంది. ఈ మధ్య ఎనిమిది రోజుల రేసుగా నడుస్తోంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పేరు లంకావిదే అయినా ఎన్నో ఏళ్ళు ఈ రేసు ఆ దీవి మీద కాలే పెట్టలేదు. పామాయిల్ తోటలు, తూర్పు తీరం జాలరి ఊళ్ళు, కౌలాలంపూర్ నడిబొడ్డు, ఇవే దాని దారి. 2015లో ఇరవయ్యో రేసు లంకావిలో మొదలైతే సొంతింటికి వచ్చినంత సంబరం చేశారు. రేసు ఫలితాన్ని తేల్చేది కూడా సముద్రం పక్కన రోడ్డు కాదు, గెంటింగ్ కొండ. సముద్రమట్టానికి 1700 మీటర్ల పైన ఉంటుంది. కిందనుంచి ఎక్కుతుంటే ఒకచోట రోడ్డు గోడలా నిలబడుతుంది. మన కారు కూడా అక్కడ మూలుగుతుంది. ఆ కొండ ఉన్న ఏడు గెలిచేది బక్కపలచటి కొండ మనుషులే. 2009 నుంచి 2013 దాకా ఐదేళ్ళూ కొలంబియా, వెనిజువెలా వాళ్ళే గెలిచారు. సెర్పా రెండుసార్లు, రుహానో, మొన్సాల్వే, అర్రెదోందో. కొండ లేని ఏడు పొట్టి పరుగు వీరులు సెకన్ల తేడాతో గెలుచుకుపోయారు.

అంటే కొబ్బరిచెట్ల నీడన సాగే రేసు అని మీరు కలగంటున్న దాని గెలుపు కొబ్బరిచెట్టు మొలవని ఎత్తున ఉంది.

3. అందం చూడాలంటే పందెం వదలాలి, పందెం కావాలంటే అందం వదలాలి

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

రేసులో వందమందికి పైగా ఒక గుంపుగా పోతుంటారు. ముందువాడి వెనక చక్రానికీ మీ ముందు చక్రానికీ మధ్య జానెడు, ఒక్కోసారి అంతకంటే తక్కువ ఎడం. ఎందుకంటే ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాడికి శ్రమలో మూడోవంతు దాకా తగ్గుతుంది. ఆ లాభం కావాలంటే చక్రానికి అంటిపెట్టుకునే ఉండాలి. గంటకి నలభై, నలభై అయిదు కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో తల పక్కకి తిప్పితే మీరొక్కరే పడరు, మీ వెనక ముప్పై మంది పడతారు. కాబట్టి చూపు ఎక్కడుంటుంది? ముందువాడి వెనక టైరు మీద. లంకావి అయినా, లారీ స్టాండు అయినా టైరు ఒకటే.

రేసు తొక్కి వచ్చిన ఒక కుర్రవాణ్ని మంచినీళ్ళ బల్ల దగ్గర అడిగాను, "దారిలో గద్దలు కనిపించాయా నాయనా?" అని. లంకావిలో గద్దలు ఎక్కువ, కువా జెట్టీ దగ్గర పెద్ద గద్ద బొమ్మే నిలబెట్టారు. వాడు నా మొహం చూసి "గద్దలా అంకుల్? సముద్రం ఎటుపక్క ఉందో కూడా చూడలేదు" అన్నాడు. అబద్ధం కాదు. వాడి మొహం మీద ఉప్పు తెల్లగా గడ్డకట్టి ఉంది. వాడి సముద్రం అదే.

టీవీలో కనిపించే అందం హెలికాప్టర్ కెమెరాది. తొక్కేవాడిది కాదు. హెలికాప్టర్‌లోంచి చూస్తే గుంపు రంగురంగుల పాములా సాగిపోతుంది, పక్కన నీలి నీళ్ళు మెరుస్తాయి. ఆ బొమ్మ చూసి కలగంటాం. కలలో మనం సైకిల్ మీదా ఉంటాం, హెలికాప్టర్‌లోనూ ఉంటాం. మెలకువలో ఏదో ఒకటే కుదురుతుంది.

రెండూ మంచివే. పందెంలో దొరికే ఆనందం వేరు. ఒళ్ళు ఎంతవరకు పోగలదో తెలుసుకోవడం, గుంపులో ఒకడిగా కలిసిపోవడం, చివరి కిలోమీటరులో గుండె గొంతులోకి రావడం. దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఎప్పుడూ తొక్కనివాళ్ళే. అయితే అది కావాలనుకున్నప్పుడు లంకావి దాకా రానక్కర్లేదు. పుత్రజయ వెడల్పాటి రోడ్ల మీద కూడా దొరుకుతుంది. లంకావికే రావాలంటే లంకావిని చూడటానికి రండి. ఏది కావాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. తేల్చుకోకుండా వచ్చినవాళ్ళు నెమ్మదిగా పోతున్నందుకు ఒక పూట, ఏమీ చూడనందుకు ఇంకో పూట ఏడవడం చూశాను.

4. ఎండ కంటే ఉక్క చెడ్డది

మన ఆంధ్రా పిల్లలు "మాకు ఎండ కొత్తా తాతగారూ, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం" అంటారు. నిజమే. ఇక్కడి ఎండ లెక్క చూస్తే 32, 33 డిగ్రీలే. రామగుండం ముందు దిగదుడుపు. కానీ ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, పట్టిన చెమట ఆరడం. పొడి ఎండలో చెమట పట్టీపట్టక ముందే ఆరిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ గాలిలోనే నీళ్ళున్నాయి. పొద్దున్నపూట గాలిలో తేమ తొంభై శాతం దాటుతుంది. చెమట ఆరదు, కారుతుంది. మోచేతుల మీదుగా హ్యాండిల్ మీదికి, అక్కడనుంచి రోడ్డు మీదికి. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉంటుంది.

చల్లటి దేశం నుంచి వచ్చేవాళ్ళకే కాదు, ఏసీలో బతికే కౌలాలంపూర్ పిల్లలకీ ఇదే గతి. ఒళ్ళు ఈ ఉక్కకి అలవాటు పడాలంటే పదిరోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. ఆ అలవాటు కూడా ఏసీ గదిలో పడుకుంటే రాదు, రోజూ కాసేపు ఉక్కలో తొక్కితేనే వస్తుంది. శుక్రవారం విమానం దిగి శనివారం రేసు తొక్కేవాళ్ళని నేను ఆపలేను గానీ, వాళ్ళ కోసం నీడ పట్టున ఒక మడత మంచం సిద్ధంగా ఉంచుకునేవాణ్ని.

గుర్తులు చెబుతాను, రాసి పెట్టుకోండి. ఎండలో తొక్కుతుంటే చలి వేసినట్టనిపించడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, తల దిమ్ము, కడుపులో తిప్పు, మాట తడబడటం. వీటిల్లో ఏది వచ్చినా దిగండి. నీడకు చేరండి. తల మీద, మెడ మీద, చంకల్లో నీళ్ళూ ఐసూ పెట్టించుకోండి. మాట తడబడి పొంతన లేకుండా మాట్లాడుతున్నవాణ్ని చల్లబరుస్తూనే ఆసుపత్రికి పంపాలి, "కాస్త కూర్చుంటే సర్దుకుంటుంది" అనే వైద్యం పనికిరాదు.

ఇంకొకటి, నీళ్ళు. నీళ్ళు తాగమన్నారు కదా అని ఒట్టి నీళ్ళే బిందెలు బిందెలు తాగేవాళ్ళున్నారు. చెమటతో పాటు ఉప్పు పోతుంది. ఉప్పు లేకుండా నీళ్ళు మాత్రమే నింపితే నెత్తురులో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమే. దాహానికి తగ్గట్టు తాగండి, ఉప్పు కలిసింది తాగండి. కొబ్బరిబొండం మంచిదే, మా తోటల్లో పెరిగిన నేను కాదంటానా? కానీ బొండంలో పొటాషియం ఎక్కువ, మనం చెమటలో పోగొట్టుకునే సోడియం తక్కువ. దాంతోపాటు ఉప్పగా ఏదైనా తినండి. మజ్జిగలో ఉప్పేసుకుని తాగిన మన పాతవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

5. నెల చూసి టికెట్టు కొనండి

లంకావి పడమటి తీరాన ఉంది. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ ఆకాశం తేటగా ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో కుండపోత. తూర్పు తీరంలో దీనికి తలకిందులు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలూ అలలూ. తెలియక డిసెంబరులో ఆ వైపున్న దీవి తియోమాన్‌కి పడవ కోసం వచ్చి జెట్టీ దగ్గరే సెలవు గడిపి పోయినవాళ్ళున్నారు.

రేసుల క్యాలెండరు మాత్రం వానదేవుణ్ని అడిగి వేయరు. లె టూర్ ద లంకావి ఒకప్పుడు ఫిబ్రవరి, మార్చిల్లో జరిగేది, కరోనా తర్వాత సెప్టెంబరు, అక్టోబరులకి జరిగింది. ప్రపంచంలోని మిగతా రేసులతో తేదీలు కుదరాలి కదా. లంకావిలో ఐరన్‌మ్యాన్ పోటీ 2000లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2014లో మళ్ళీ వచ్చింది. అదీ తరచు వానలు వదలని నెలల్లోనే. తడి రోడ్డు మీద పడిన ఆకులు, పామాయిల్ లారీల నుంచి కారిన జిడ్డు, పెయింటు గీతలు, మూడూ సబ్బు రాసినట్టే ఉంటాయి. ఉరిమితే మాత్రం రేసు మధ్యలో ఉన్నా ఆగండి. ఈ దేశంలో పిడుగులు చాలా ఎక్కువ.

6. దీవి అంటే బల్లపరుపు కాదు

సముద్రం పక్కన రోడ్డంటే చదునుగా ఉంటుందని అందరి నమ్మకం. లంకావి నడిమధ్యన గునుంగ్ రాయా ఉంది, 881 మీటర్లు. కింద సముద్రమట్టం నుంచి మొదలుపెట్టి పది కిలోమీటర్లకు పైగా ఎక్కుతూనే పోవాలి. పక్కనే మచించాంగ్ కొండ. అది అరవై కోట్ల ఏళ్ళకి కాస్త తక్కువ వయసున్న ఇసుకరాయి, మలేషియాలో అతి పాత రాళ్ళల్లో ఒకటి. అందుకే 2007లో యునెస్కో లంకావిని జియోపార్కుగా గుర్తించింది, ఆగ్నేయాసియాలో అదే మొదటిది. దాతాయ్ వైపు పోయే రోడ్డు కూడా ఎక్కుడూ దిగుడూ.

ఎక్కడానికి చిన్న గేరు ఉన్న సైకిల్ తీసుకోండి, అందులో నామోషీ లేదు. గునుంగ్ రాయా ఎక్కుడులో అలసట తప్ప ప్రమాదం లేదు. దెబ్బలన్నీ దిగేటప్పుడే. మలుపు దగ్గర బ్రేకు కాదు, మలుపుకి ముందు బ్రేకు. మధ్యలో కోతులుంటాయి. పొడుగుతోక కోతులు సంచి లాక్కుంటాయి. కళ్ళజోడు పెట్టుకున్నట్టుండే నల్ల కోతులు పాపం మర్యాదస్తులు, చెట్టు మీద నుంచే చూస్తాయి. సాయంత్రం పూట ఆ కొండ మీద పెద్ద ముక్కుల హార్న్‌బిల్ పక్షులు రెక్కలాడిస్తుంటే ఆ చప్పుడు కిందికి వినిపిస్తుంది. అది వినాలంటే ఆగాలి, మూడో పాఠం గుర్తు తెచ్చుకోండి.

7. లంకావి ఒక్కటే దీవి కాదు

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పుకుంటాను, ఇది నాకిష్టమైన భాగం.

పినాంగ్ దీవి చుట్టూ తిరగడం ఇక్కడి సైకిల్ వాళ్ళకి పాత ఆచారం. డెబ్భై కిలోమీటర్లు కాస్త అటూఇటూ. తెల్లవారుజామున జార్జ్‌టౌన్‌లో బయల్దేరి, బాతు ఫెరింగి తీరం మీదుగా తెలుక్ బహాంగ్ చేరితే అక్కడ కొండ. దిగితే బాలిక్ పులావ్, జాజికాయ, దురియన్ తోటల ఊరు. పదమూడున్నర కిలోమీటర్ల పినాంగ్ వంతెన 1985లో వచ్చింది. దాని మీద సైకిల్‌ని మామూలు రోజుల్లో పోనివ్వరు. బటర్‌వర్త్ నుంచి ఫెర్రీ ఎక్కండి. సైకిల్ పట్టుకుని డెక్కు మీద నిలబడి జార్జ్‌టౌన్ దగ్గరకొస్తుంటే చూడటం వంతెన మీద కారులో పోవడం కంటే ఎంతో మేలు.

పాంగ్‌కోర్ మా జిల్లాకి దగ్గర. లుముత్ నుంచి పడవ. 1874లో ఇక్కడే జరిగిన ఒప్పందంతో బ్రిటిష్ వాళ్ళు మలయా రాజ్యాల్లో పెత్తనం మొదలుపెట్టారు, మనవాళ్ళు ఓడలెక్కి ఈ తోటలకు రావడానికి దారి పడింది అక్కడేనని నేను పిల్లలకి చెప్పేవాణ్ని. చిన్న దీవి, పొద్దున్నే మొదలుపెడితే చుట్టూ తిరిగి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. కానీ ఉత్తరం వైపు ఎక్కుడు చూసి దిగి నడవని మగాణ్ని నేను ఎరగను. ఒక వైపు ఎండు చేపల వాసన, పడవలు చేసే షెడ్లు, మసీదు, చీనా గుడి. ఇంకో వైపు తెలుక్ నిపాహ్ ఇసుక.

అన్నిటికంటే నాకు నచ్చింది పులావ్ కెతామ్. పీతల దీవి. పోర్ట్ క్లాంగ్ నుంచి పడవ. బురద నేల మీద కొయ్య కాళ్ళ మీద నిలబెట్టిన చీనా జాలరుల ఊరు. కార్లు లేవు, ఉండటానికి రోడ్డు లేదు. ఇళ్ళ మధ్య సన్నటి వంతెనలే వీధులు. ఊరంతా సైకిళ్ళే, ఈ మధ్య బ్యాటరీవి కూడా వచ్చాయి. బడికి సైకిల్, చేపల బజారుకి సైకిల్, గుడికి సైకిల్. ముసలమ్మ వెనక బుట్టలో పీతలు పెట్టుకుని గంట కొట్టుకుంటూ మన పక్కనుంచి పోతుంది, మనం రెయిలింగ్ పట్టుకుని ఒదిగి నిలబడాలి. ఇక్కడ రేసు పెట్టాలని ఎవరికీ తోచదు, పెడితే సగంమంది బురదలో ఉంటారు. మలేషియాలో సైకిల్‌కి రాజ్యం ఎక్కడుందంటే నేను ఈ ఊరే చూపిస్తాను.

8. రోడ్డు మీది కాదు

లె టూర్ ద లంకావిలో తొక్కేవాళ్ళకి ముందూ వెనకా పోలీసు మోటార్‌సైకిళ్ళు, రోడ్డు ఖాళీ చేయిస్తారు. మీరు ఆదివారం తొక్కుతుంటే అది ఉండదు. టూరిస్టులు అద్దెకు తీసుకున్న కార్లు, సముద్రం చూస్తూ నడిపే డ్రైవర్లు, స్కూటరు ఎప్పుడూ ఎక్కనివాడికి కూడా అద్దెకిచ్చే స్కూటర్లు. గేదెలు సరేసరి. చాలా చిన్న ఈవెంట్లకి రోడ్డు పూర్తిగా మూయరు. డబ్బు కట్టేముందు "రోడ్డు మూస్తారా, సగమే మూస్తారా?" అని అడగండి. సరైన జవాబు ఇవ్వని చోట పేరు రాయించుకోవద్దు.

2017 ఫిబ్రవరిలో జొహోర్ బారులో అర్ధరాత్రి దాటాక రోడ్డు మీద బ్రేకులు లేని, మార్చేసిన సైకిళ్ళతో ఉన్న పిల్లల్లోకి కారు దూసుకొచ్చి ఎనిమిది మంది పోయారు. అందరూ బడి వయసు వాళ్ళు. ఆ కేసు కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచింది, తప్పెవరిదని దేశమంతా వాదించుకుంది. నేను ఆ వాదనలోకి పోను. బడిపంతులుగా ఒక్కటే అంటాను. ఆ వయసులో సైకిల్ మీద వేగంగా పోవాలనిపించడం తప్పు కాదు, ఆ వేగానికి ఊళ్ళో ఒక సురక్షితమైన చోటు చూపించకపోవడం పెద్దల తప్పు.

మీరు మాత్రం ఎడమ పక్కన పొండి, వెనక ఎర్ర దీపం పగలు కూడా వెలిగించండి, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు.

9. తిండి

రేసు ముందు రోజు కొత్త తిండి తినకండి. నాసి లెమాక్ రుచి నాకూ ఇష్టమే, కొబ్బరిపాలలో ఉడికిన అన్నం తిని కొండెక్కడం మాత్రం కడుపుకి చేసే ద్రోహం. రేసు పొద్దున అరటిపండు, బ్రెడ్డు, కాస్త జాం. రేసు అయ్యాక మమక్ కొట్టులో కూర్చుని రోటీ చనాయ్, తే తారిక్. ఇడ్లీ దొరికితే మరీ మంచిది, కువాలో మన భోజనం హోటళ్ళు ఉన్నాయి. దీనికి ఇంతకంటే చెప్పేదేం లేదు.

10. గెలిచే కల వేరు, దాని ధర వేరు

మా మనవడి స్నేహితుడొకడు "ఏదో ఒక రోజు మలేషియా వాడు లె టూర్ ద లంకావి గెలవాలి" అంటాడు. ఇంతవరకు మొత్తం రేసు గెలిచిన మలేషియా వాడు లేడు. ఒక్క రోజు స్టేజి గెలవడానికే పదిహేనో రేసు దాకా ఆగాల్సి వచ్చింది. 2010లో అనువార్ మనాన్ గెలిచాడు. ఆ రోజు కాఫీ కొట్లల్లో అరుపులు నేను విన్నాను, ఫుట్‌బాల్‌కి తప్ప అలా అరవరు ఇక్కడ.

ఇంకొకడు అజీజుల్‌హస్ని అవాంగ్. తెరెంగానులో దుంగున్ ఊరివాడు, పొట్టివాడు. రోడ్డు మీద కాదు, వెలోడ్రోమ్ ట్రాకు మీద. 2011లో మాంచెస్టర్‌లో పడిపోతే ట్రాకు కొయ్య పేడు పిక్కలోంచి ఇటునుంచి అటు దూరింది. దానితోనే లేచి సైకిలెక్కి గీత దాటి మూడో స్థానం తెచ్చుకున్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2017లో ప్రపంచ ఛాంపియన్, టోక్యోలో రజతం. దానికోసం ఇల్లూ ఊరూ వదిలి ఏళ్ళ తరబడి మెల్‌బోర్న్‌లో సాధన చేశాడు. ఎందుకంటే అప్పట్లో ఇక్కడ పైకప్పు ఉన్న ట్రాకే లేదు.

కాబట్టి గెలవాలనుకునే పిల్లవాణ్ని చూస్తే నేను నవ్వను. "మీ అమ్మానాన్నలతో మాట్లాడావా? పొద్దున ఐదింటికి లేచి నీ వెనక స్కూటరు మీద వచ్చేదెవరు? పరీక్షల నెలలో ఏం చేస్తావు?" అని అడుగుతాను. వాటికి జవాబున్నవాడు నన్ను అడగడానికి రాడు, ఆపాటికే తొక్కుతుంటాడు. సరదాకి తొక్కేవాడు సరదాగానే ఉంటే చాలు. ఇద్దరి మధ్యలో ఇరుక్కున్నవాడే ఖరీదైన సైకిల్ కొని, గోడకి తగిలించి, దాని మీద తువ్వాలు ఆరేస్తాడు. మా ఇంట్లోనే ఉంది అలాంటిదొకటి, ఎవరిదో చెప్పను.

11. వయసు

ఈ వయసులో దీవులేమిటి అంటారు మా ఆవిడ తరపు బంధువులు. డాక్టరుకి చూపించుకుని, గుండె సరిగా ఉందంటే తొక్కండి. అరవై దాటినవాళ్ళు ఒంటరిగా కొండ ఎక్కొద్దు. చిన్నవాళ్ళు ముందుపోతే పోనివ్వండి, వాళ్ళు పైన మన కోసం ఆగుతారు.

12. ఇక వచ్చేవాళ్ళకి

2023 డిసెంబరు నుంచి ఇండియా పాస్‌పోర్టుకి మలేషియా ముప్పై రోజుల దాకా వీసా అడగడం లేదు, అందుకే మన చుట్టాల రాక పెరిగింది. రండి. కువాలా పెర్లిస్ నుంచో కువాలా కెదా నుంచో పడవలో రండి, విమానంలో కాదు. సముద్రంలోంచి దీవులు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే చూస్తూ రావాలి. లంకావి చుట్టూ 99 దీవులంటారు, పాటుకి నీళ్ళు తగ్గితే ఇంకొన్ని బయటపడతాయి. సైకిల్ మోసుకు రావద్దు, అక్కడే అద్దెకు దొరుకుతుంది. తీసుకునేటప్పుడు రెండు బ్రేకులూ నొక్కి చూడండి. సముద్రపు గాలికి చైను తుప్పు పట్టిందేమో చూడండి. మారు ట్యూబు, పంపు అడగండి.

రేసులో పేరు రాయించుకున్నవాళ్ళు కనీసం రెండు రోజులు ముందుగా వచ్చి, మొదటి రోజున దీవిని నెమ్మదిగా చుట్టి రండి. పంటపొలాల దగ్గర ఆగండి, తంజుంగ్ రూ ఇసుకలో కూర్చోండి, దారిలో కొట్టువాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడండి. రేసు అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు, అప్పటికి కాళ్ళు మీ మాట వినవు.